యుద్ధకాలపు జీపుకు హబ్ సీళ్లు మార్చడం ఎలా

రాత్రి షెడ్డులో పెట్టిన జీపును తెల్లారి చూస్తే టైరు లోపలి గోడ మీద నల్లటి చార. లేదా బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండి ఒక పక్కకే గుంజుడు. ఇలాంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని బజారుకెళ్లి ఆయిల్ సీల్, అంటే చక్రం నడుమ ఉండే హబ్‌లోంచి గ్రీజు బయటికి రాకుండా ఆపే రింగు, కొనుక్కురావడం. నేనూ అదే చేశాను. ఒకే చక్రానికి ఆర్నెల్లలో మూడు సీళ్లు మార్చాను. నాలుగోసారి హబ్ విప్పినప్పుడు మా మేస్త్రి పాత సీల్‌ని పక్కన పడేసి, స్పిండిల్ మీద, అంటే హబ్ తిరిగే ఇరుసు కొస మీద, బొటనవేలి గోరు ఆనించి లాగాడు. గోరు టక్కున ఆగింది. "సీల్‌ని ఎందుకు తిడతావు బాబూ, గాడి పడ్డ చోట అది మాత్రం దేన్ని పట్టుకుంటుంది?" అన్నాడు.

పాత సీల్ పీకి కొత్తది కొట్టడం పావుగంట పని. పాతది ఎందుకు చచ్చిందో తేల్చుకోవడానికే మిగతా పూటంతా పడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఏ బండి గురించి చెబుతున్నానంటే

1941 నుంచి 1945 దాకా అమెరికా సైన్యం కోసం తయారైన జీపు గురించి. విల్లీస్ కంపెనీ చేసింది ఎంబీ, అదే నమూనా మీద ఫోర్డ్ చేసింది జీపీడబ్ల్యూ. ఆ పేరులో 'జీ' అంటే ప్రభుత్వానిదని, 'పీ' అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం 80 అంగుళాలని, 'డబ్ల్యూ' అంటే విల్లీస్ నమూనా అని ఫోర్డ్ వాళ్ల లెక్క. రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా రోడ్డెక్కాయి. హబ్ విషయంలో రెండింటికీ తేడా లేదు. మీది ఫోర్డ్ అయితే ఒక్క జాగ్రత్త: బోల్టుల తలల మీద చాలాచోట్ల వంకర రాతలో 'ఎఫ్' అచ్చు ఉంటుంది. విప్పినవాటిని పాత ఇనుప డబ్బాలో పారేయకండి, ఆ అక్షరమున్న బోల్టు కోసం వెతుక్కుంటూ తిరిగేవాళ్లున్నారు.

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మహీంద్రా జీపులు. అవి యుద్ధం తర్వాత వచ్చిన విల్లీస్ పౌర జీపు, సీజే-3బి వంశం. ముందు చక్రాల వరకు ఇక్కడ చెప్పిందంతా వాటికీ దాదాపుగా సరిపోతుంది. వెనక చక్రాలకు మాత్రం పనికిరాదు. యుద్ధకాలపు జీపుకు వెనక ఇరుసు 'ఫుల్ ఫ్లోటింగ్'. అంటే బండి బరువంతా తిరగని గొట్టం మీదే పడుతుంది, లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడం తప్ప ఇంకేమీ మోయదు. సీజే-3బికి వెనకాల షాఫ్టే బరువు మోస్తుంది, హబ్ దాని సన్నబడుతూ పోయే కొస మీద బిగిసి ఉంటుంది. దాన్ని తీయాలంటే గట్టి పుల్లర్ కావాలి, బేరింగు వదులు సరిచేసే పద్ధతీ వేరు. ఆ రెండూ ఒకటే అనుకుని సుత్తితో మొదలుపెట్టి షాఫ్టు కొస మర పాడుచేసుకున్నవాళ్లను చూశాను.

ఎడ్లబండి చక్రం ఎరిగినవాళ్లకు ఈ హబ్ అర్థం కావడం తేలిక. బండికి ఇరుసు తిరగదు, చక్రమే తిరుగుతుంది. రెంటి మధ్యా కందెన, చక్రం జారిపోకుండా చివర కడశీల. ఇక్కడా అంతే. స్పిండిల్ తిరగని ఇరుసు, గ్రీజు కందెన, రెండు పెద్ద నట్లు కడశీల. కొత్తగా వచ్చి చేరింది సీల్ ఒక్కటే. బండికి అది లేదు గనకే కందెన కారి పంచెలకు అంటుకునేది. జీపుకు అలా కారితే కుదరదు, ఎందుకంటే హబ్‌ని ఆనుకునే బ్రేకు డ్రమ్ము ఉంది.

ముందుగా, కారుతున్నదేమిటో చూడండి

చక్రం లోపలి పక్కన తడిని వేలితో తీసి రుద్ది, వాసన చూడండి. ఇందులో నామోషీ లేదు, ప్రతి మెకానిక్కూ చేసేదే.

నల్లగా, ముద్దగా, వేలికి అతుక్కుంటే అది బేరింగు గ్రీజు. హబ్ సీల్ పోయిందని అర్థం. పల్చగా జారుతూ గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. ఆ వాసన ఇంగువ కట్టిన గుడ్డలాంటిది, రెండుసార్లు సబ్బు పెట్టినా చేతిని వదలదు. నీళ్లలా పల్చగా ఉండి, తగిలినచోట పెయింటు ఉబ్బి లేస్తుంటే బ్రేక్ ఆయిల్. అప్పుడు తప్పు హబ్ సీల్‌ది కాదు, చక్రంలో బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ది.

గేర్ ఆయిల్ అయితే హబ్ సీల్ ఒక్కటి మార్చి ఊరుకోకండి. హబ్‌లోకి ఆ ఆయిల్ రానేకూడదు. వెనక ఇరుసు నడుమ గేర్లున్న గుండు, అంటే డిఫరెన్షియల్‌లో ఆయిల్ మితిమీరి పోసినా, బండిని ఎప్పుడూ ఒక పక్కకు వాలిన చోటే నిలుపుతున్నా, ఆయిల్ గొట్టం వెంట పాకి చక్రం దాకా వస్తుంది. వచ్చి బేరింగులోని గ్రీజును కడిగేసి, దాన్ని కూడా వెంటబెట్టుకుని సీల్ దాటుతుంది. ఇరుసు మీద గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో పూడిపోతే, ఇరుసు వేడెక్కినప్పుడు లోపల గాలి వ్యాకోచించి ఆయిల్‌ని సీళ్ల మీదకు తోస్తుంది. దాన్ని విప్పి కిరసనాయిల్లో కడిగి, నోటితో ఊది చూడండి. గాలి ఆడాలి. ఆయిల్ మట్టం నింపే రంధ్రం అంచుదాకా ఉంటే చాలు, దాన్ని మించకూడదు.

ముందు ఇరుసులో దారి కాస్త పొడవు. లోపల గొట్టం కొసన షాఫ్టుకు ఒక సీల్ ఉంటుంది. అది పోతే ఆయిల్ స్టీరింగ్ నకిల్ (ముందు చక్రం పక్కకు మళ్లే కీలు) లోని గుండ్రటి గదిలోకి చేరి, అక్కడి గ్రీజును పల్చబరచి, స్పిండిల్ లోపలి బుష్ అరిగి ఉంటే దాని గుండా హబ్‌కు వస్తుంది. నకిల్ వెనకవైపు గుండు మీద తుడుచుకుంటూ తిరిగే మరో సీల్ ఉంది. కారేది ఆ గుండు దగ్గరైతే అది వేరే పని, చక్రం జోలికి పోనక్కర్లేదు.

ఇంకొకటి చూడాలి. విప్పినప్పుడు గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్లున్నాయి. వాగు దాటిన బండ్లకు ఇది మామూలే. పరుగు మీద వేడెక్కిన హబ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, అరిగిన సీల్ పక్కనుంచి నీళ్లను పీలుస్తుంది. అలాంటి బేరింగుల్ని ఎండబెట్టి మళ్లీ వాడుకుందామని చూడకండి. రెండు వారాలు నిలబడి ఉంటే చాలు, రోలర్ల మీద తుప్పు మచ్చలు లేచిపోతాయి.

సామాను

హబ్ నట్లకు 2-1/8 అంగుళాల ఆరు పలకల పానా కావాలి, 54 మిల్లీమీటర్ల సాకెట్ కూడా పడుతుంది. ఈ జీపుతో సైన్యం ఇచ్చిన పనిముట్ల సంచిలోనే ఆ పానా ఉండేది. దారిలో ఎక్కడో ఒకచోట డ్రైవరే చేసుకోవాల్సిన పని అని వాళ్లకు తెలుసు. మన షెడ్లలో మాత్రం ఆ నట్టును ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పడం అలవాటు. అందుకే పాత జీపుల్లో అంచులు నలిగిన నట్లే ఎక్కువ. పైపు పానా కూడా వద్దు. సరైన సాకెట్ దొరక్కపోతే లేత్ షాపులో ఒక గొట్టానికి అచ్చు నట్టును వెల్డింగ్ చేయించుకోండి.

మిగతావి: అంగుళాల కొలతల పానాలు, జాకీ, దృఢమైన ఇనుప స్టాండు, రాగి లేదా ఇత్తడి కడ్డీ ఒకటి, మెత్తటి తల ఉన్న సుత్తి, కిరసనాయిలు, పోగులు రాలని నూలు గుడ్డలు, ఫ్లాంజికి (షాఫ్టును హబ్‌కు బిగించే పళ్లేనికి) కాగితపు గాస్కెట్లు, కొత్త లాక్ వాషర్లు, కాటర్ పిన్నులు.

సీల్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లి ఊరుకోకండి, అది వంకరపోయి ఉండొచ్చు. స్పిండిల్ మీద సీల్ తిరిగే చోటు వ్యాసం, హబ్‌లో సీల్ కూర్చునే గుంట వ్యాసం, లోతు — ఈ మూడూ వెర్నియర్‌తో కొలిచి రాసుకెళ్లండి. ఒకప్పటి సీళ్లు తోలువి. ఇప్పుడు దొరికేవి నైట్రైల్ రబ్బరువి, పెదవి (స్పిండిల్‌ను ఆనుకునే అంచు) వెనక సన్నటి స్ప్రింగు చుట్టు ఉంటుంది. రబ్బరువే మేలు. ఎవరైనా పాత నిల్వలోంచి తోలు సీల్ ఇస్తే ముచ్చటపడి ఎండుగానే కొట్టేయకండి. ముందు ఆయిల్లో నానబెట్టి మెత్తపడనివ్వండి.

బేరింగుల నంబరు గుర్తుంచుకోవడం తేలిక. లోపలిదీ బయటిదీ ఒకటే: కోన్ (రోలర్లున్న భాగం) 18590, కప్పు (రోలర్లు దొర్లే బయటి రింగు) 18520. మహీంద్రా జీపుల ముందు హబ్‌లో పడేవీ ఇవే. అందుకని ఎనభై ఏళ్లనాటి అమెరికా సైనిక వాహనానికి బేరింగు అడిగినా, మన ఊళ్లో దుకాణదారు కనుబొమ్మ కూడా ఎగరేయకుండా తీసిస్తాడు. గ్రీజు అంటే మనవాళ్లకు ఏపీ-3. ఆంధ్రప్రదేశ్‌కూ దానికీ సంబంధం లేదు. లిథియం గ్రీజు ఏదైనా సరే, పాత గ్రీజు మీదే కొత్తది పూయడం మాత్రం తప్పు. వేర్వేరు రకాలు కలిస్తే పల్చబడి కారిపోతాయి.

విప్పడం

చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు అడ్డు పెట్టండి. ఇటుకలు వద్దు. బరువు పడితే ఇటుక పగులుతున్నట్టు చెప్పదు, పగిలిపోతుంది. బండి బరువు టన్నుకు పైనే.

చక్రం నేల మీద ఉండగానే చక్రపు నట్లు వదులు చేయండి. వెనక చక్రమైతే ఫ్లాంజి బోల్టులు ఆరూ ఇప్పుడే వదులు చేసుకోవచ్చు. ఫుల్ ఫ్లోటింగ్ గనక చక్రం కిందే ఉన్నా ప్రమాదం లేదు, చక్రం తిరిగిపోదు కాబట్టి పానా పట్టూ దొరుకుతుంది.

ఇక్కడే మొదటి ఉచ్చు. ఎడమ పక్క చక్రాల స్టడ్డులకు (నట్లు ఎక్కే మరసీలలకు) మర తిరగేసి ఉంటుంది. డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఏది ఎడమో అదే ఎడమ. ఆ పక్క నట్లు గడియారం ముల్లు తిరిగే దిక్కున తిప్పితేనే వదులవుతాయి. ఇది తెలియక పానాకు నాలుగడుగుల పైపు తగిలించి ఎక్కి తొక్కి నేను విరగ్గొట్టిన స్టడ్డులు రెండు. నట్టు కదలనంటే బలం పెంచే ముందు స్టడ్డు కొస చూడండి, మర వాలు ఎటుందో కంటికే తెలుస్తుంది. కొన్ని బండ్లకు ఎవరో ఎప్పుడో డ్రమ్ములు మార్చి ఉంటారు, అప్పుడు ఏ పక్క ఏ మర ఉందో దేవుడికే ఎరుక.

బండిని జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండు పెట్టి, బరువు దాని మీదకు దింపండి. జాకీ మీదే వదిలేసి పని చేయకండి. ఫ్లాంజి లాగేటప్పుడు బండి ఊగుతుంది. చక్రం తీసి పక్కన పెట్టండి.

వెనక పక్క ఫ్లాంజీ షాఫ్టూ ఒకే ముక్క. బోల్టులు పూర్తిగా తీసి, ఫ్లాంజి అంచు మీద మెత్తటి సుత్తితో నాలుగు పక్కలా తట్టితే గాస్కెట్ విడుతుంది. షాఫ్టును నిటారుగా లాగండి. ముందు పక్క అయితే చివరి టోపీ ఊడదీయాలి. దాని కింద కాటర్ పిన్ను, నట్టు ఉంటాయి, తర్వాతి కాలపు భాగాలు వేసిన బండికైతే స్నాప్ రింగు. అది తీశాక ఆరు బోల్టులు, ఆపైన పుల్లర్‌తో ఫ్లాంజి. ముందు ఫ్లాంజి వెనక షిమ్ములు, అంటే సందు సరిచేసే పల్చటి రేకు రింగులు, ఉండవచ్చు. ఎన్ని వచ్చాయో, ఏ వరసలో వచ్చాయో తీగకు గుచ్చి పెట్టుకోండి. షాఫ్టు కొస వదులు వాటి మందం మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు పెద్ద నట్టు కనిపిస్తుంది. వరస ఇది: బయటి నట్టు, వంచిన అంచున్న లాక్ వాషర్, లోపలి నట్టు, నాలుకున్న వాషర్, బయటి బేరింగు. లాక్ వాషర్ వంపును ఉలితో నిదానంగా విప్పదీసి, నట్టు తీయండి. హబ్‌ను కాస్త ముందుకు లాగి మళ్లీ వెనక్కి తోస్తే బయటి బేరింగు మీ అరచేతిలో పడుతుంది. దాన్ని తీసేసి హబ్‌ను లాగండి. ఈ జీపులో హబ్బూ డ్రమ్మూ కలిసే వస్తాయి. డ్రమ్ములో అంచు కట్టి బ్రేకు షూలకు తట్టుకుని రానంటే, వెనక ప్లేటు మీదున్న ఎక్సెంట్రిక్‌లు (షూలను జరిపే బోల్టులు) తిప్పి షూలను లోపలికి దించండి. లాగి గుంజితే స్ప్రింగులే పోతాయి.

డ్రమ్ములో పేరుకున్న దుమ్ము మీద ఊదకండి, గాలి పంపు అసలే పెట్టకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

గ్రీజు పట్టిన లైనర్ల గురించి ఒక మాట. పెట్రోలు పోసి అంటించడం మన షెడ్లలో పాత వైద్యం. పైన కాలినట్టు కనబడుతుంది, నాలుగు ఘాట్లు దిగేసరికి లోపల ఇంకిన గ్రీజు మళ్లీ చెమట పట్టినట్టు బయటికొస్తుంది. మార్చేయాల్సిందే. అదీ అదే ఇరుసుకు రెండు పక్కలా కలిపి. ఒక పక్కే కొత్తవి వేస్తే బ్రేకు గుంజుడు పోదు, దిక్కు మారుతుందంతే.

స్పిండిల్, అసలు దొంగ దొరికేది ఇక్కడే

హబ్ తిరగేసి, పాత సీల్‌ను పెద్ద స్క్రూడ్రైవర్‌తో పైకి లేపి పీకేయండి. దాని వెనకే లోపలి బేరింగు ఉంటుంది. తీసిన సీల్‌ను వెంటనే పారేయకుండా పెదవిని చూడండి. చుట్టూ సమంగా అరిగితే వయసు. ఒకే పక్క అరిగితే బేరింగు వదులై చక్రం ఊగుతోందన్నమాట. గట్టిపడి పగుళ్లు తేలితే హబ్ వేడెక్కుతోంది. కొస చిరిగి ఉంటే బిగించినవాడి చేయి. ఆ చేయి నాదీ కావచ్చు, ఒకసారి అయింది కూడా.

స్పిండిల్ మీద పాత గ్రీజంతా కిరసనాయిల్‌తో కడిగి, గుడ్డతో ఆరేలా తుడిచి, సీల్ ఆనే చోట గోరుతో అడ్డంగా గీయండి. గోరుకు ఏమీ తగలకపోతే మంచిది. మెరుపు చార కనిపించినా గోరు ఆగకపోతే 400 నంబరు ఎమరీ కాగితాన్ని ఆయిల్లో తడిపి చుట్టూ తిప్పుతూ రుద్దండి. నిలువు గీతలు పడకూడదు. గీత ఎటు వాలితే గ్రీజు అటే దారి చేసుకుంటుంది.

గోరు ఆగితే మూడు దారులు. గాడి ఒకచోటే ఉండి, హబ్ గుంటలో జాగా ఉంటే కొత్త సీల్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందో వెనకో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చేయవచ్చు. బేరింగుకు మాత్రం తగలకూడదు. ఇది పల్లెటూరి ఉపాయమే గానీ పనిచేసే ఉపాయం. రెండోది, అరిగిన చోట తొడిగే పల్చటి ఉక్కు స్లీవు. కొలత కుదిరితే ఇంతకు మించినది లేదు. మూడోది లేత్. ముందు స్పిండిల్ బోల్టులతో బిగించి ఉంటుంది గనక ఊడదీసి తీసుకెళ్లొచ్చు, గాడి ఉన్న మేరకు తిప్పి రింగు ఎక్కించి పాలిష్ చేస్తారు. వెనకది ఇరుసు గొట్టంతోనే ఉంటుంది, దానికి లేత్ అంటే ఇరుసు మొత్తం దించాలి. వెనక గాడికి స్లీవే ఎంచుకోండి.

గాడిలో ఎం-సీల్ (గట్టిపడే అతుకు ముద్ద) నింపి నున్నగా రుద్దేవాళ్లున్నారు. ఒక వేసవి గడుస్తుంది.

స్పిండిల్ ఊడదీసే పని పడితే లోపలి బుష్‌లో షాఫ్టు ఎంత ఊగుతోందో చూసుకోండి. ముందు చక్రానికి నకిల్ గ్రీజు హబ్‌లోకి వచ్చే దారి అదేనని పైన చెప్పాను.

బేరింగులు

కడగడానికి కిరసనాయిలు, పెట్రోలు కాదు. కడిగిన బేరింగును గాలి పంపుతో గిరగిరా తిప్పడం పిల్లలకు సరదా, మెకానిక్కులకూ సరదానే. నూనె లేని రోలర్లు ఆ వేగానికి గీరుకుపోతాయి, కేజ్ విడిపోతే మొహం మీదికి వస్తాయి. తుడిచి ఆరనివ్వండి.

రోలర్ల మీద నీలిరంగు ఉంటే వేడి తిన్నాయి. గుంటలు, పొట్టు లేచిన మచ్చలు ఉంటే ఆయుష్షు తీరింది. కప్పు కూడా చూడండి, అది హబ్ లోపలే బిగిసి ఉంటుంది. కోన్ మార్చితే కప్పూ మార్చాలి, పాత కప్పులో కొత్త కోన్ వేస్తే కొత్తది కూడా పాతదవుతుంది. కప్పు వెనక అంచున ఇత్తడి కడ్డీ ఆనించి, ఎదురెదురు పక్కల మార్చి మార్చి కొడుతూ బయటికి దించండి. కొత్తది కూడా అలాగే, అడుగున పూర్తిగా ఆనేదాకా. ఆనినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది, డబడబ పోయి టంగున మోగుతుంది. ఆ చప్పుడు వినకుండా పని ముగించకండి.

గ్రీజు పట్టించడం చేత్తోనే. ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోన్ పెద్ద అంచును దానిలోకి నొక్కి నొక్కి లాగండి. రోలర్ల సందుల్లోంచి అటువైపు పురుగుల్లా గ్రీజు పైకి వచ్చేదాకా, చుట్టూ. పైన పూసి వదిలేస్తే లోపల ఎండే ఉంటుంది.

హబ్ లోపలి ఖాళీని మాత్రం నింపకండి. తుప్పు పట్టకుండా గోడలకు పల్చగా పూస్తే చాలు. ఎక్కువ గ్రీజు మంచిదనుకుని హబ్ నిండా కూరడం నేను చూసినంతలో సీళ్లు పోవడానికి రెండో పెద్ద కారణం. చక్రం తిరిగితే ఆ గ్రీజు వేడెక్కి ఉబ్బుతుంది, పోవడానికి దారి సీల్ ఒక్కటే.

సీల్ కూర్చోబెట్టడం

ముందు లోపలి బేరింగు హబ్‌లో పెట్టండి. నవ్వకండి. సీల్ చక్కగా కొట్టాక బల్ల మీద బేరింగు మిగిలి కనిపించడం అందరికీ ఒకసారి జరుగుతుంది, కొత్త సీల్ పీకి పారేయాలి.

గుంట అంచులో గరుకులు ఎమరీతో తీసేయండి. సీల్ పెదవి, దాని స్ప్రింగు ఉన్న పక్క బేరింగు వైపు, అంటే హబ్ లోపలికి ఉండాలి. పట్టి ఉంచాల్సింది గ్రీజును, కాబట్టి పెదవి గ్రీజు వైపే చూస్తుంది. పెదవికి గ్రీజు రాయండి, పొడి పెదవి మొదటి కిలోమీటరులోనే కాలిపోతుంది. సీల్ మీద చదునైన చెక్క పలక అడ్డం పెట్టి, మధ్యలో సుత్తితో మెల్లగా తట్టుతూ నిటారుగా దించండి. ఒక పక్క ముందు దిగితే ఆపి, రెండో పక్క తట్టి సమం చేయండి. సీల్ ముఖం హబ్ అంచుతో సమమయ్యాక ఆపండి. సీల్ మీద నేరుగా సుత్తి పడితే రేకు సొట్టపోతుంది, సొట్ట ఎంత చిన్నదైనా పెదవి అక్కడ ఎత్తుకుంటుంది.

హబ్ తొడిగే ముందు స్పిండిల్ మరల మీద ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి. పెదవి చిరిగేది ఆ మరల మీద జారేటప్పుడే. డ్రమ్ము బరువుగా ఉంటుంది, దాన్ని రెండు చేతులా మోస్తూ తిన్నగా తోయండి. ఆ బరువును సీల్ మీద వేలాడనివ్వకండి. హబ్ లోపలికి వెళ్లగానే టేపు తీసేసి, వెంటనే బయటి బేరింగు తోసి, నాలుక వాషర్ వేసి, నట్టు చేత్తో తిప్పేయండి. పక్కన ఇంకో మనిషి ఉంటే మంచిది. లేకపోతే ఆ అర నిమిషం ఫోను మోగినా ఎత్తకండి.

నట్టు బిగింపు

చక్రం తిప్పుతూ లోపలి నట్టును బిగించండి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోట కుదురుకోవు, నట్టు గట్టిగా ఉన్నట్టు మోసం చేస్తుంది. అటూ ఇటూ తిప్పుతూ, చక్రం పట్టేసినట్టు భారంగా తిరిగేదాకా బిగించి, అప్పుడు చుట్టులో ఆరో వంతు వెనక్కి తిప్పండి. విల్లీస్ బండ్లకు ఎప్పటినుంచో ఉన్న లెక్క ఇది. నట్టుకు పలకలు ఆరు, కాబట్టి ఆరో వంతు అంటే ఒక పలక. కొలపరికరం అక్కర్లేదు, సుద్దముక్కతో ఒక పలక మీద గీత పెట్టుకుంటే చాలు.

తర్వాత కొత్త లాక్ వాషర్, దాని మీద బయటి నట్టు గట్టిగా. ఇది బిగిస్తే లోపలి నట్టు మరల్లోని సందు కూడా పోయి, బేరింగు కొంచెం బిగుసుకుంటుంది. అందుకని చక్రం మళ్లీ తిప్పి చూడండి. చేత్తో విసిరితే ధారాళంగా తిరగాలి. పైన కింద పట్టుకుని ఊపితే టకటక రాకూడదు. బిగుతనిపిస్తే బయటి నట్టు తీసి మళ్లీ మొదటినుంచి. నేను సాధారణంగా రెండోసారికి గానీ కుదిరించలేను. కుదిరాక వాషర్ అంచును నట్టు పలక మీదకు పూర్తిగా వంచేయండి. ఒకసారి వంచి విప్పిన పాత వాషర్‌ను మళ్లీ వంచితే విరుగుతుంది, ఆ ముక్క పోయేది బేరింగులోకే.

ముందు చక్రం ఊపినప్పుడు టకటక ఉంటే అది బేరింగుదా, నకిల్ తిరిగే కీలుసీల అయిన కింగ్‌పిన్నుదా అన్న అనుమానం వస్తుంది. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఊగుడు ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ను.

ఫ్లాంజికి కొత్త గాస్కెట్, తీగకు గుచ్చిన షిమ్ములు అదే వరసలో, ఆరు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా. ముందు చక్రానికి నట్టు, కొత్త కాటర్ పిన్ను, టోపీ. బ్రేకు షూలు దించి ఉంటే మళ్లీ సరిచేయండి. చక్రపు నట్లు చేత్తో మొదలుపెట్టి, ఎడమ పక్క ఎటు తిప్పాలో గుర్తు చేసుకుని, బండి నేల మీదకు దించాక చివరి బిగింపు ఇవ్వండి.

తిప్పి చూడటం

పదికిలోమీటర్లు నడిపి, బ్రేకు ఎక్కువ వాడకుండా వచ్చి ఆపి, నాలుగు హబ్‌లనూ అరచేత్తో తాకండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే నట్టు బిగుతు ఎక్కువైంది, చల్లారాక విప్పి మళ్లీ చేయాలి. ఒక్క హబ్బే వేడిగా ఉంటే ముందు ఆ పక్క బ్రేకు షూ రాసుకుంటోందేమో చూడండి, పేరు మాత్రం బేరింగుకు వస్తుంది.

యాభై కిలోమీటర్ల తర్వాత చక్రపు నట్లు, ఫ్లాంజి బోల్టులు మళ్లీ పానా పెట్టి చూడండి. టైరు లోపలి గోడను ఈ రోజే శుభ్రంగా తుడిచి పెట్టుకుంటే, వారం తర్వాత వేలితో రాసి చూసినప్పుడు కనిపించేది కొత్త తడో పాత మరకో తెలుస్తుంది. నాకు ఆ నాలుగో సీల్ వేసిన చక్రం ఇప్పటికీ పొడిగానే ఉంది. ఈ మధ్య ఎదురు చక్రం మీద సన్నటి చార కనిపించింది. వేలితో తీసి వాసన చూశాను, గేర్ ఆయిల్. బ్రీదర్ విప్పితే లోపల కందిరీగ మట్టిగూడు కట్టుకుని ఉంది.